ఈగ వాలని మేక

నవంబరు 16, ఆదివారం

చిరంజీవి మా ఇంటి లాయరమ్మకు,

అక్క దీవెనలు. ఇక్కడ మేమందరం బాగున్నాం. నువ్వు బాగున్నావా అని వేరే అడగక్కర్లేదు, నీ ఉత్తరం చూస్తేనే తెలిసిపోతోంది. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అక్షరం వంకర పోలేదు. అలాంటి సంగతిని అంత నింపాదిగా రాయగలిగిన మనిషికి ఒంట్లో ఏ లోటూ ఉండి ఉండదు.

ముందు ఇంటి కబుర్లు చెప్పేస్తాను, తర్వాత చెప్పే ఓపిక ఉంటుందో లేదో. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. కొత్త చెవి మిషను పెట్టించాం. మీ బావ మాట్లాడటం మొదలుపెట్టగానే దాన్ని తీసి డబ్బాలో పెట్టేస్తోంది. మీ బావ పడవ ఇంజన్ల షెడ్డులో పని ఎక్కువై గ్రీజు చేతులతోనే భోజనానికి కూర్చుంటున్నాడు. మా జంతు సంరక్షణ కేంద్రం ఎప్పటిలాగే ఉంది. పాత ఐసు ఫ్యాక్టరీ కదా, గోడలు చల్లగానే ఉన్నాయి కానీ వాన పడితే పాలసీసాలు కడిగే గదిలో పైనుంచి ధార. కుంటి నక్కకి కట్టు విప్పాను. అది కృతజ్ఞతగా నా వేలు కొరికింది. దాని మీద నాకు కోపం రాలేదు. నక్క నక్కలాగే ఉంది, తనను తాను ఇంకోటని చెప్పుకోలేదు.

ఇక నీ ఉత్తరం సంగతికి వస్తాను. మన మేక పెంకి మెడలోని కాలర్ నుంచి వచ్చే సిగ్నల్ దీవికి ఉత్తరాన ఉన్న కొండకొమ్ము దగ్గర ఆగిపోయిందని రాశావు. మీ అటవీశాఖ ఆఫీసు కంప్యూటర్ తెర మీద చుక్క అక్కణ్ణుంచి కదలడం లేదన్నావు. కాలు జారి పడి ఉంటుందని అనుకుంటున్నావు. అలలు పెద్దవై మీవాళ్లు ఆ కొమ్ము దాకా పోలేక తిరిగొచ్చారట. నీకు చాలా బాధగా ఉందట. ఆ కిందే, పేరా అయినా మార్చకుండా, దీవిలో ఇంకొక్క మంద మిగిలిందనీ, అది ఎవరికీ చిక్కని జిత్తులమారి మంద అనీ, నా దగ్గర సీసా పాలతో పెరిగిన ఇంకో రెండు మేకల్ని పంపితే పని పూర్తవుతుందనీ రాశావు. నువ్వు అర్థం చేసుకుంటావక్కా అని ముగించావు.

అర్థం కావడానికేముంది? గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని చిన్నప్పుడు అమ్మ మన ఇద్దరికీ కలిపే చెప్పింది. అందులో గొర్రెని నేనని తెలియడానికే ఇన్నేళ్లు పట్టింది.

నీకు గుర్తుందో లేదో, పెంకిని ఈ గడప తొక్కించింది నువ్వే. ఆ రోజు జోరున వాన. నీ రెయిన్‌కోటు బొత్తాల మధ్య నుంచి రెండు చెవులు బయటికి కనిపిస్తున్నాయి. దీవిలో తల్లి కొండ మీంచి పడి చచ్చిపోయిందనీ, ఇది ఆ శవం పక్కనే అరుస్తూ నిలబడిందనీ చెప్పావు. నీ ముక్కు ఎర్రగా ఉంది. జలుబు అన్నావు. నీ జలుబు నాకు తెలియదా? ఇన్నేళ్ల ఆఫీసర్ ఉద్యోగం తర్వాత కూడా మా చెల్లెలికి గుండె మిగిలే ఉందని ఆ రోజు మీ బావతో గొప్పగా చెప్పుకున్నాను.

దాన్ని పెంచడం ఒక యజ్ఞం. సీసా పట్టదు, గుడ్డ చీకదు, నా వేలు పెడితే నములుతుంది. ఆఖరికి సత్తుగిన్నె మీద చెంచాతో టకటకా కొడితే అటు తిరిగేది. ఆ చప్పుడు వినిపిస్తే ఎక్కడున్నా ఊడిపడేది. అమ్మ కళ్లజోడు తాడు తినేసింది, మీ బావ చెప్పులో ఒకటి తినేసి రెండోది మర్యాదగా వదిలేసింది, తనిఖీకి వచ్చిన పెద్దమనిషి టోపీ అంచు కొరికింది. దానికి పెంకి అని పేరు పెట్టింది అమ్మే. తిట్టి తిట్టి పేరైపోయింది. ఒక్కతీ ఉండలేకపోయేది. రాత్రి పడుకునే చోట కూడా పక్కన ఏదో ఒక ప్రాణి ఉండాలి, కనీసం ఆ ముసలి బాతైనా సరే.

అది ఎదిగాక నువ్వు వచ్చి అడిగావు. పెరట్లో మెట్టు మీద కూర్చున్నావు, పెంకి నీ జేబులో మూతి పెట్టి వెతుకుతోంది. దీవిలో మేకలు పొదలన్నీ తినేస్తున్నాయనీ, ఆ పొదల నీడలో గుడ్లు పెట్టే సముద్రపు పక్షుల పిల్లలు ఎండకి మాడి చచ్చిపోతున్నాయనీ చెప్పావు. ఫోటో చూపించావు. ఆ పిల్ల నోరు తెరిచి ఎండిపోయి ఉంది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. చిన్నప్పటి నుంచి నువ్వు పక్షుల పిచ్చిదానివి, ఆ బాధ దొంగ బాధ కాదని ఇప్పటికీ నమ్ముతాను. పెంకి మెడకి కాలర్ కట్టి దీవిలో వదిలితే మందలు ఎక్కడ తిరుగుతున్నాయో తెలుస్తుందన్నావు. తెలిస్తే గూళ్లను కాపాడుకోవచ్చన్నావు. నేను సందేహించాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని అన్నావు.

"దాని ఒంటి మీద ఈగ కూడా వాలనివ్వను. మాటిస్తున్నాను అక్కా."

మాటిచ్చావు కదా అని పెంకిని ఇచ్చేశాను. లాంచీ ఎక్కిస్తుంటే, అది బెదిరితే ఎలా పిలవాలి అని కూడా అడిగావు. నేను వెర్రిమొహందాన్ని, లోపలికి పరుగెత్తి ఆ సత్తుగిన్నే తెచ్చి నీ చేతిలో పెట్టాను. ఎంత గట్టిగా కొట్టాలో, ఎన్నిసార్లు ఆపి కొట్టాలో దగ్గరుండి నేర్పాను.

తర్వాత నువ్వు పంపిన ఫోటో చూసుకుని మురిసిపోయాను. రాతి మీద పెంకి, చుట్టూ మంద, వెనక సముద్రం. మందులిచ్చే గదిలో గోడకి తగిలించాను. కేంద్రం చూడ్డానికి వచ్చిన బడిపిల్లలకి, ఇదిగో ఇది మా మేక, పక్షుల్ని కాపాడే ఉద్యోగం చేస్తోంది అని చెప్పేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు.

నాకు నిజం ఎలా తెలిసిందో నీకు ఫోన్‌లో సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. మీ తుపాకీ ఆయన వచ్చాడు. ఆ బక్కపలచటి పొడుగాటి మనిషే, దీవి పనికి మీరు పెట్టుకున్న గురి చూసే ఆయన. ఆయన కోటు లోపల ఒక మేకపిల్ల, ముందు కాలు రాళ్లకి గీరుకుపోయి ఉంది. మందంతా అయిపోయాక రాళ్ల సందులో దొరికిందట. దీన్ని కూడా కొట్టాల్సిందేనట గానీ చెయ్యి రాలేదట. నేను కాలు కడిగి మందు రాస్తుంటే ఆయన గోడ మీద ఫోటో చూసి సంబరపడ్డాడు. నన్ను మెచ్చుకుందామనే అన్నాడు పాపం.

"మీ మేక భలే పనిచేస్తోందండీ డాక్టరమ్మా. అది లేకపోతే మేం ఆ రాళ్లల్లో ఎన్నాళ్లు తిరిగినా సగం కూడా అయ్యేది కాదు."

ఏం పని అని అడిగాను. నాకు తెలుసనుకుని చెప్పుకుంటూ పోయాడు. మేక ఒంటరిగా ఉండలేదట, వదిలిన కొద్దిరోజులకే ఏ మూల దాక్కున్న మందనైనా వెతుక్కుని పోయి కలుస్తుందట. తెర మీద చుక్క ఆ చోటు చూపిస్తుందట. మీరు పడవలో గాలికి ఎదురుగా వెళ్లి దిగుతారట. ఒకరు కింద నిలబడి గిన్నె మోగిస్తారట. పెంకి ఒక్కతీ మందలోంచి విడివడి కిందికి వచ్చేస్తుందట. అది పక్కకి రాగానే పైన మిగిలినవాటిని కాల్చేస్తారట. పిల్లలతో సహా. అయిపోయాక దాన్ని అక్కడే వదిలేస్తారట. అది కాసేపు అరిచి, మళ్లీ ఒంటరిగా ఉండలేక ఇంకో మందని వెతుక్కుంటూ పోతుందట. మళ్లీ చుక్క, మళ్లీ పడవ, మళ్లీ గిన్నె.

ఆ మేకకి మాత్రం ఏ చిన్న దెబ్బా తగలకూడదని మేడమ్ గారి గట్టి ఆర్డరండీ అని కూడా చెప్పాడు. వాళ్లక్కగారి మేకట కదా అన్నాడు, నేనే ఆ అక్కనని గుర్తొచ్చి నవ్వాడు. నేను ఆయనకి టీ ఇచ్చాను. ఆయన వెళ్లాక ఫోటో తీసేశాను. గోడ మీద దాని గుర్తు తెల్లగా మిగిలిపోయింది.

ఆ సాయంత్రం నీకు ఫోన్ చేస్తే నువ్వు అడిగిన మొట్టమొదటి మాట ఏమిటో తెలుసా? "పెంకికి ఏమైనా అయిందా అక్కా? ఈగ వాలిందా?" అన్నావు. వాలలేదు. నిజమే. నువ్వు ఇచ్చిన మాటలో అక్షరం తప్పలేదు. పది మంది ఎదుట నిలబెట్టినా నువ్వే గెలుస్తావు. చిన్నప్పుడు నా వాటా మిఠాయి తినేసి, దాచిపెట్టమన్నావు కదా కడుపులో దాచాను అన్నదానివి. అందరం నవ్వాం, లాయరమ్మ అని పేరు పెట్టాం. అప్పుడే ఒక్కటిచ్చి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత నువ్వు చెప్పిందంతా విన్నాను. వినలేదని అనకు. ఇంతకుముందు తుపాకులు పట్టుకుని కొండలన్నీ గాలిస్తే సగం మేకలు గాయాలతో తప్పించుకుని పొదల్లో పడి రోజుల తరబడి చచ్చేవన్నావు. ఇప్పుడు ఒకే చోట, ఒకే దెబ్బకి, ఏం జరిగిందో తెలిసేలోపే అయిపోతోందన్నావు. పెద్ద పెద్ద నిపుణులు కూర్చుని, ఉన్న దారుల్లో ఇదే దయగల దారి అని తేల్చారన్నావు. పొదలు మళ్లీ చిగురిస్తున్నాయనీ, పక్షులు తిరిగొస్తున్నాయనీ చెప్పావు. అవన్నీ నిజాలే అయి ఉంటాయి. ఎన్నిసార్లు తిప్పి తిప్పి ఆలోచించినా వాటిలో అబద్ధం నాకు దొరకలేదు. మరి నాకు ఒళ్లెందుకు మండుతోందో నీకు తెలియకపోతే చెప్తాను, విను.

నేనేమీ చీమకి కూడా దారి ఇచ్చే మనిషిని కాదు. నయం కాని ప్రాణిని బల్ల మీద పడుకోబెట్టి నేనే సూది వేస్తాను. తల నిమిరి, ఇదిగో అయిపోయింది బంగారం అని చెప్పి వేస్తాను. కానీ ఆ నిమిరే చేతిని చూపించి గోడ అవతల ఉన్న వాటిని పిలవను. చంపక తప్పదంటావా, చంపే మనిషిలాగే వెళ్లు. నిన్ను చూసి పారిపోయే వీలైనా వాటికి ఉంచు. తిండిపెట్టే చప్పుడు చేస్తూ వెళ్లకు. ఒక ప్రాణికి మనిషి మీద పుట్టిన నమ్మకం ఉందే, దాన్ని నేను రాత్రనక పగలనక కూర్చుని, నా వేళ్లు కొరికించుకుని పుట్టించాను. నువ్వు దాన్ని తీసుకెళ్లి పనిముట్టు చేశావు. తుపాకీకైనా కాస్త నూనె రాసి భద్రంగా పెట్టెలో పెడతారు. దీన్ని మాత్రం తనవాళ్ల శవాల మధ్య వదిలేసి, పోవే, ఇంకొందరిని వెతుకు అని పంపారు. ఒంటరిగా ఉండలేకపోవడం ఒక్కటే అది చేసిన నేరం.

నన్నూ అంతే చేశావు. నమ్మించి గొంతు కోయడం అంటారే, అది కూడా కాదు, తడిగుడ్డతో కోశావు. నెత్తురు కనపడదు, కోసినవాళ్ల చేతులు శుభ్రం. ముందే వచ్చి, అక్కా, చంపడానికే అడుగుతున్నాను అని ఉంటే నేను నిన్ను గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు. రెండు రోజులు పోట్లాడేవాళ్లం. మూడో రోజు ఆ పక్షిపిల్ల ఫోటో గుర్తొచ్చి, పోనీ ఇంకేం చేయగలం అని ఇద్దరం కూర్చుని బుర్రలు బద్దలు కొట్టుకునేవాళ్లం. ఆ పోట్లాట నాకు దక్కకుండా చేశావు. పరాయివాళ్లని మోసం చేసినట్టు చేశావు. నీ అక్కనని చెప్పుకోవడానికి ఆ రోజు నుంచి నాకు నోరు రావడం లేదు, ఎవరైనా అడిగితే మా చెల్లెలు దూరంగా ఉంటుంది అని సరిపెడుతున్నాను.

పెంకి గురించి ఏమని రాయను? అమ్మ రోజూ అడిగేది. మొన్న ఆమెను కూర్చోబెట్టి, పెంకి ఇంక ఆ దీవిలో తిరగదమ్మా అని చెప్పేశాను. కళ్లు తుడుచుకుంది, ఇంకేమీ అడగలేదు. దాని పాత గదికి గొళ్లెం పెట్టేశాను, అటువైపు ఎవరినీ పోనివ్వడం లేదు. నీ తెర మీద చుక్క ఇంక కదలదు. దాని కోసం మనుషుల్ని ఆ కొమ్ము ఎక్కించి వాళ్ల ప్రాణాల మీదికి తేకు. నేను ఏడవాల్సిందంతా ఏడ్చేశాను. నువ్వు కూడా ఏడిస్తే ఈసారి జలుబు అని చెప్పకు.

ఇక నువ్వు అడిగిన రెండు మేకలు. ఇవ్వను. మీ శాఖ పెద్దల్ని పంపినా ఇవ్వను, కాయితాలు పంపినా ఇవ్వను. తుపాకీ ఆయన తెచ్చిన ఆ కుంటిపిల్లని కూడా ఇవ్వను. అది ఇప్పుడు నా వెనకాలే తిరుగుతోంది, దాని వంక చూడాలంటే నాకు భయంగా ఉంది.

ఊరికే లేదు కాదు అని కూర్చోవడం నాకు చేతకాదు కాబట్టి ఇంకో మాట. మిగిలింది ఒక్క మందే అన్నావు. దీవిలో మేత తగ్గే కాలం వస్తోంది. ఊట ఉన్న చోట ఒక దొడ్డి కట్టండి, తలుపు తీసే ఉంచండి. లోపల మేత పెట్టండి. వస్తాయి, తింటాయి, పోతాయి. అలవాటైన రోజున తలుపు వేసి, లాంచీలో ఇటు తెచ్చేయండి. పోతులకి ఆపరేషన్ నేను చేస్తాను, ఐసు ఫ్యాక్టరీ వెనక స్థలం మీ బావ కంచె వేసి ఇస్తానన్నాడు. అప్పటిదాకా గూళ్ల చుట్టూ వల కట్టండి. ఒక కాలం ఆలస్యమవుతుంది, మీ పెద్దలు సణుగుతారు. సణగనీ. ఇదీ తిండి చూపించి పట్టడమే కదా, తేడా ఏముంది అంటావని తెలుసు, నువ్వు అనకపోతే ఎవరంటారు! అవును, ఇదీ ఉచ్చే. కానీ ఈ తలుపు అవతల బతుకు ఉంది. అన్నీ దొరకకపోతే, ఒకటో రెండో మిగిలిపోయి తప్పనిసరి అయితే, దాచకుండా నాతో చెప్పు. నేను వచ్చి నీ పక్కన నిలబడతాను. కళ్లు తిప్పుకోను. కానీ నాకు తెలిసి జరగాలి.

జవాబు రాస్తావో రాయవో నీ ఇష్టం. ఒంట్లో జాగ్రత్త, పడవల్లో తిరిగేటప్పుడు చెవులకి గాలి తగలనివ్వకు. నీకు చిన్నప్పటి నుంచి చెవిపోటు.

ఇట్లు,
ఇంకా నీ అక్కే అయిన
నీ అక్క

తా.క.: కవరు అంటించేముందు ఇదంతా మీ బావకి చదివి వినిపించాను. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు. విని, "ఇందులో ఒక్క అబద్ధం లేదు. అచ్చం మీ చెల్లెలు చెప్పినట్టే ఉంది" అన్నాడు. లెంపకాయ కొట్టినా అంత మండేది కాదు. మళ్లీ చదువుకున్నాను. నిజమే, ఒకే పాలు తాగి పెరిగినవాళ్లం, ఆ విద్య నాకూ వచ్చు. చించేసి మళ్లీ రాయాలనిపించలేదు. చదివి నువ్వు కాసేపు బాధపడాలనే రాశాను, ఆ బాధ పడ్డావు కదా, చాలు. ఇక నిజం చెప్తాను.

పెంకి బతికే ఉంది. నా దగ్గరే ఉంది. దాని గదికి గొళ్లెం పెట్టింది అది లోపల ఉండబట్టి. అమ్మ కళ్లు తుడుచుకున్నది దాన్ని చూసి.

నీకు ఫోన్ చేసిన మరుసటి వారం, తుపాకీ ఆయనకి సెలవు రోజు చూసి, ఆయన సొంత పడవలో దీవికి వెళ్లాను. ఆయన్ని ఏమీ అనకు. పడవ నడిపింది ఆయనే కానీ గొంతు మీద కూర్చుని నడిపించింది నేను. మిట్టమధ్యాహ్నం, సముద్రం అద్దంలా ఉంది. పైన రాళ్లల్లో నువ్వు చెప్పిన ఆ ఆఖరి మందే ఉంది, మధ్యలో మన పెంకి. ఇంకో గిన్నె పట్టుకెళ్లాను. కొట్టాను.

వచ్చింది. ఒకప్పటిలా ఎగురుతూ రాలేదు. ఒక్కో రాయీ దిగుతూ, తల వంచుకుని వచ్చింది. గిన్నెలో గింజల వంక చూడలేదు, నా మొహం వంక చూడలేదు. తిన్నగా వచ్చి నా ఒడిలో మొహం దూర్చి నిలబడిపోయింది. ఒళ్లంతా వణుకుతోంది. నన్ను గుర్తుపట్టి, ఇన్నాళ్ల తర్వాత చూసి అలా చేస్తోందనుకున్నాను. ఏమ్మా, ఏమ్మా అంటూ వీపు నిమురుతున్నాను. తుపాకీ ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు.

"మిమ్మల్ని చూసి కాదమ్మా. తుపాకీ చప్పుడు కోసం కాచుకుంది. గిన్నె మోగితే ఎప్పుడూ ఇంతే."

చాలాసేపు అలాగే ఉంది. చప్పుడు రాలేదు. రాకపోయినా మొహం తియ్యలేదు. పైన మంద మా వంక చూస్తూ నిలబడింది, వాటికి ఏమీ తెలియదు. పెంకి మెడలోని కాలర్ కోసేసి ఉత్తరపు కొమ్ము మీద రాయి కింద పెట్టాను. నువ్వు చూస్తున్న చుక్క అదే. పెంకిని ఎత్తుకుని పడవ ఎక్కించాను, ఎత్తుకోనిచ్చింది. బరువేమీ లేదు.

ఇక్కడికి వచ్చాక బాగుపడుతుందనుకున్నాను. ఎవరూ లేనప్పుడు తింటుంది. నేను తలుపు తీస్తే లేచి గోడ వైపు తిరిగి నిలబడుతుంది. ఉత్త చేతులతో వెళ్లినా అంతే, పేరు పెట్టి పిలిచినా అంతే. ఆ కుంటిపిల్లని తోడు వదిలితే దానికి దూరంగా జరిగి, వేరే మూల పడుకుంటోంది. ఒక్కతీ ఉండలేకపోయేదే, ఇప్పుడు ఇంకో ప్రాణిని పక్కకి రానివ్వడం లేదు. నేనూ నువ్వూ వేరువేరని దానికి ఎలా చెప్పను? దానికి నా చెయ్యీ నీ చెయ్యీ ఒకటే అయిపోయాయి. నువ్వు నాకు చేసింది ఇదీ.

రావాలనిపిస్తే రా. యూనిఫాం వేసుకుని రాకు. అమ్మ చూడాలంటోంది, భోజనం పెడతాను, దొడ్డి ఎక్కడ కట్టాలో మీ బావతో కలిసి ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం. గొళ్లెం తీసి దాన్ని చూపిస్తాను, ఎంతసేపైనా చూడు. నువ్వేం చెప్పినా వింటాను. మాట మాత్రం ఇవ్వకు.